దిగేది ఎక్కడ, ఎక్కేది ఎక్కడ

(విజయవాడ సత్యనారాయణపురంలోని ఒక కాలనీ గ్రంథాలయంలో సాయంకాలం సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడు అడ్డమైతే చెప్పండి, గొంతు పెంచుతాను.

నేను ముప్పై ఏళ్లు సింగ్ నగర్ నుంచి పటమటకి వెళ్లి ఉద్యోగం చేశాను. బండి నడపడం నాకు రాదు. సిటీ బస్సు, షేర్ ఆటో, కొన్నేళ్లుగా ఫోన్‌లో పిలుచుకునే ఆటోలు, క్యాబ్‌లు, వీటి మీదే నా బతుకంతా తిరిగాను. కాలేజీలో చేరడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఆస్పత్రులకి ఒంటరిగా వెళ్లాల్సిన పెద్దవాళ్లూ ఉన్నారు. మీ ఇద్దరి కోసమే ఈ మాటలు.

మా అమ్మ సంగతితో మొదలుపెడతాను. పదేళ్ల కిందటి మాట. అమ్మ తెనాలి నుంచి ప్యాసింజర్ బండిలో వస్తోంది. కంటి ఆపరేషన్ అయి పది రోజులైంది, నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. చేతిలో గుడ్డ సంచి, అందులో గోంగూర కట్టలు. "నేను స్టేషన్ దగ్గరే ఉంటానమ్మా, బయటికి వచ్చెయ్యి" అని చెప్పాను. నేను గాంధీనగర్ వైపు, అంటే ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు నిలబడ్డాను. బండి వచ్చింది, జనం వచ్చారు, జనం అయిపోయారు. అమ్మ రాలేదు. ఫోన్ కలవడం లేదు. ముప్పావుగంట నా ప్రాణం నాలో లేదు. చివరికి ఎవరిదో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ దూరపు ప్లాట్‌ఫారంలో దిగి, నలుగురితో పాటు నడిచి తారాపేట వైపు బయటికి వెళ్లిపోయింది. ఎండలో గోడ పక్కన నిలబడి ఉంటే ఒక ఆటో అబ్బాయి చూసి, తన ఫోన్ ఇచ్చి మాట్లాడించాడు. నేను వెళ్లేసరికి అమ్మ నన్ను చూసి ఒకటే మాట అంది: "స్టేషన్ దగ్గర ఉంటానన్నావు. నేనూ స్టేషన్ దగ్గరే ఉన్నాను గదే!"

అమ్మ అన్నది నిజం. తప్పు నాది. మన స్టేషన్‌కి పది ప్లాట్‌ఫారాలు. ఒకటో నంబరు వైపు బయటికొస్తే గాంధీనగర్, గవర్నర్‌పేట. పదో నంబరు వైపు బయటికొస్తే తారాపేట, వన్ టౌన్. మధ్యలో పట్టాలు. అటు నుంచి ఇటు రావాలంటే లోపల వంతెన మీద నడిచి రావాలి, లేకపోతే రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలి. కాబట్టి "స్టేషన్ దగ్గర" అంటే అది గుర్తు కాదు. "తారాపేట వైపు", "గాంధీనగర్ వైపు" అని చెప్పాలి. ఎవరినైనా ఎక్కించుకోవడానికి వెళ్తున్నప్పుడు ఈ ఒక్క మాట ముందు తేల్చుకోండి.

ఆ రోజు నుంచి నేను గమనించడం మొదలుపెట్టాను. మనం బస్సులో కూర్చున్నంతసేపు ఇబ్బంది పడం. బస్సు దిగి ఇంకోటి ఎక్కాల్సిన చోటే ఇబ్బంది పడతాం. డబ్బు ఎక్కువ పోయేది అక్కడే, పెద్దవాళ్లు తూలి పడేది అక్కడే, చీకటి పడ్డాక ఆడపిల్లకి టెన్షన్ మొదలయ్యేది అక్కడే. అందుకే ఇవాళ ఏ బస్సు ఎక్కడికి పోతుందనే పట్టిక చదవను. అది కండక్టర్‌ని అడిగితే చెప్తాడు. బండి మారే చోట్ల గురించే మాట్లాడతాను.

ఫోన్‌లో బండి పిలిచినప్పుడు ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. స్టేషన్ లోపల నిలబడి బుక్ చేశారనుకోండి, మీరున్న చోటని ఫోన్ చూపించే గుర్తు ఒక్కోసారి పట్టాలకి అవతల పడుతుంది. డ్రైవర్ తారాపేటలో ఆగుతాడు, మీరు ఇవతల ఎదురుచూస్తుంటారు. ఆయన "వచ్చాను మేడం" అంటాడు, మీరు "కనపడట్లేదు బాబూ" అంటారు. అయిదు నిమిషాల తర్వాత ఆయన రద్దు చేసుకుని వెళ్లిపోతాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ముందు స్టేషన్ బయటికి రండి. ఒక బోర్డు, ఒక కొట్టు, ఏదో ఒకటి కనపడేలా నిలబడండి. అప్పుడు ఆ గుర్తుని వేలితో జరిపి మీరున్న వైపే పెట్టి, ఆ తర్వాత బుక్ చేయండి. ఫ్లైఓవర్ ఉన్న ప్రతి చోటా ఇంతే. పటంలో పై రోడ్డు, కింది రోడ్డు ఒకే గీతలా కనపడతాయి. బండి పైనుంచి దాటిపోయిందంటే మళ్లీ ఎక్కడో తిరిగి రావాలి. దుర్గ గుడి దగ్గర 2020లో ఫ్లైఓవర్ తెరిచాక భవానీపురం వైపు వెళ్లేవాళ్లకి ఎంతో సుఖం, కానీ గుడికి వెళ్లేవాళ్లు ఎక్కిన బండి పైకి ఎక్కేస్తే గుడి దాటిపోయినట్టే. ముందే చెప్పాలి: "కింద నుంచి పోనీ బాబూ."

ఇక బెంజ్ సర్కిల్. మన ఊళ్లో కొత్తవాళ్లు ఎక్కువ తప్పిపోయేది అక్కడేనని నా అభిప్రాయం. అది ఒక చోటు కాదు, నాలుగు చోట్లు. చెన్నై నుంచి కలకత్తా పోయే జాతీయ రహదారి, మన బందరు రోడ్డు అక్కడ ఒకదాన్నొకటి దాటుతాయి. గుంటూరు వైపు బస్సు ఒక మూల, ఏలూరు వైపు బస్సు ఒక మూల, కానూరు, పెనమలూరు మీదుగా బందరు పోయేది ఇంకో మూల, ఊళ్లోకి బస్టాండ్‌కి వచ్చేది నాలుగో మూల. మీరు ఒక మూల దిగి, ఎదురు మూల బస్సు పట్టాలంటే రోడ్లు దాటాలి. అందుకని "బెంజ్ సర్కిల్‌లో దిగు" అని ఎవరైనా చెబితే అక్కడితో ఫోన్ పెట్టేయకండి. "దిగాక ఏ వైపు రోడ్డు మీద నిలబడాలి?" అని అడగండి. సిగ్గుపడక్కర్లేదు. ముప్పై ఏళ్లు తిరిగిన నేనే ఇప్పటికీ అడుగుతాను.

ఇక్కడ ఒక మాట, కాస్త పక్కకి వెళ్తున్నాను, కానీ కొత్తగా వచ్చిన పిల్లలకి పనికొస్తుంది. దిక్కు తెలియాలంటే మన ఊరికి ఒక సదుపాయం ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నుంచి మూడు కాలువలు ఊళ్లోకి వస్తాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ. ఏలూరు రోడ్డు ఏలూరుకి పోతుంది, బందరు రోడ్డు బందరుకి పోతుంది. ఆ పేర్ల కాలువలు కూడా అటే పోతాయి. నీళ్లు వదిలిన రోజుల్లో ఏ కాలువ వంతెన మీదైనా ఒక నిమిషం నిలబడి చూడండి. నీళ్లు వచ్చే వైపు బ్యారేజీ, దుర్గ గుడి కొండ. నీళ్లు పోయే వైపు ఊరి బయట. మా నాన్న నాకు ఆరేళ్లప్పుడు చెప్పిన మాట ఇది. ఫోన్ చార్జింగ్ అయిపోయిన రాత్రుల్లో నాకు రెండుసార్లు ఉపయోగపడింది.

ఊరి పేర్లలో ఇంకో తిరకాసు ఉంది. గవర్నర్‌పేటలో దిగమని పెద్దవాళ్లు చెప్పేటప్పుడు "పాత బస్టాండ్" అంటారు. ఊళ్లకి పోయే బస్సుల కోసం అక్కడికి వెళ్తే దొరకవు. అవి కృష్ణలంక పక్కన, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ఉంటాయి. ఆటో ఎక్కేటప్పుడు ఉత్త "బస్టాండ్" అనకుండా "ఆర్టీసీ బస్టాండ్, దూర ప్రయాణాల వైపు" అనండి. సిటీ బస్సులు ఆగే వైపు వేరు. సామాన్లతో, మోకాళ్ల నొప్పులతో ఉన్నవాళ్లని తప్పు గేటు దగ్గర దింపితే లోపల చాలా దూరం నడవాలి. అలాగే సెంటర్ల పేర్లు: సినిమా హాలు పేరుతో ఒక సెంటర్ ఉంటుంది, చుట్టుగుంట, పడవల రేవు, ఏలూరు లాకులు అని పాత పేర్లు ఉంటాయి. కండక్టర్ కేక వేసేది ఆ పేర్లే. మీ ఫోన్‌లో ఉన్న వీధి పేరు చెబితే ఆయనకి తెలియకపోవచ్చు. మీరు దిగాల్సిన చోటికి జనం నోట్లో ఉన్న పేరేంటో ఒకసారి కనుక్కుని చీటీ మీద రాసుకోండి.

ఆడవాళ్లకి ఉచిత బస్సు గురించి చాలామంది అడుగుతున్నారు. మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ అయిదు రకాల్లో ఎక్కవచ్చు. ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ, రేషన్ కార్డు గానీ చూపించాలి. ఎంతమందికి తెలియదో గానీ, ఉచితమైనా టికెట్ తీసుకోవాలి. కండక్టర్ సున్నా రూపాయల టికెట్ కొట్టి ఇస్తాడు, దాన్ని దిగేదాకా చేతిలో ఉంచుకోండి. గుంటూరు వెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త. నాన్‌స్టాప్ బస్సులకి ఈ పథకం లేదు. తొందరలో ముందు కనపడిన నాన్‌స్టాప్ ఎక్కేసి, కార్డు చూపించి, కండక్టర్‌తో గొడవపడిన అక్కచెల్లెళ్లని నేను చూశాను. పాపం కండక్టర్ ఏం చేస్తాడు? ఎక్కేముందు బోర్డు చదవండి. అరవై దాటిన మగవాళ్లకి టికెట్‌లో 25 శాతం రాయితీ ఉంది. వయసు చూపించే కార్డు దగ్గర ఉంచుకుని అడగండి, వాళ్లంతట వాళ్లు ముఖం చూసి ఇవ్వరు.

ఆటోల సంగతికి వద్దాం. షేర్ ఆటోకి, కిరాయికి మాట్లాడుకున్న ఆటోకి తేడా ఎక్కేముందే నోటితో తేల్చుకోవాలి. ఖాళీ ఆటో వచ్చి ఆగుతుంది, మనం షేర్ అనుకుని ఎక్కుతాం, దిగాక ఆయన కిరాయి అడుగుతాడు. "షేరేనా బాబూ? మనిషికి ఎంత?" ఈ రెండు ప్రశ్నలు, అంతే. కిరాయికైతే, ఎన్నడూ స్టేషన్ గేటు ఎదురుగా బేరం ఆడకండి. సంచి పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తే రేటు పెరుగుతుంది. వంద అడుగులు నడిచి, రోడ్డు మీద వెళ్తున్న ఆటోని ఆపితే అదే దూరానికి తగ్గుతుంది. ప్రీపెయిడ్ కౌంటర్ తెరిచి ఉంటే ఇంకా మంచిది, అక్కడ బేరమే ఉండదు. ఆటోవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ రోజు మా అమ్మకి ఫోన్ ఇచ్చినవాడూ ఆటో అబ్బాయే. గ్యాసు ధర, ఫైనాన్స్ వాయిదా, ఖాళీగా తిరిగి రావాల్సిన దూరం అన్నీ వాళ్ల నెత్తిన ఉంటాయి. సింగ్ నగర్ లోపలి వీధుల నుంచి వాళ్లకి మళ్లీ బేరం దొరకదు, అందుకే ఎక్కువ అడుగుతారు. ఫ్లైఓవర్ దిగగానే మెయిన్ రోడ్డు మీద దిగిపోతే మామూలు రేటుకే వస్తారు. నేను అలాగే చేస్తాను.

క్యాబ్ విషయంలో మా పిన్నికి జరిగింది చెప్పాలి. ఏ యాప్ అన్నది అనవసరం. గన్నవరం ఎయిర్‌పోర్ట్ నుంచి రాత్రి పదకొండింటికి బుక్ చేసుకుంది. డ్రైవర్ వచ్చాడు, సామాను పెట్టాడు, బండి కదిలాక, "అమ్మా, బుకింగ్ కేన్సిల్ చేసెయ్యండి, డబ్బు నాకు చేతికివ్వండి, మీకూ తగ్గుతుంది" అన్నాడు. పిన్ని మంచికే అన్నాడనుకుని కేన్సిల్ చేసింది. రామవరప్పాడు రింగ్ దాటాక అతను చెప్పిన డబ్బు యాప్‌లో చూపించిన దానికంటే బాగా ఎక్కువ. అర్ధరాత్రి, ఒంటరి మనిషి, ఇచ్చేసింది. మర్నాడు ఫిర్యాదు చేద్దామని ఫోన్ తీస్తే అక్కడ ప్రయాణమే లేదు, రద్దయిన బుకింగ్ మాత్రమే ఉంది. అసలు నష్టం డబ్బు కాదు. బుకింగ్ రద్దయిన క్షణం నుంచి ఆమె ఏ బండిలో ఎటు వెళ్తోందో ఎక్కడా నమోదు కాలేదు. ప్రయాణాన్ని ఇంట్లోవాళ్లకి పంపే సదుపాయం, ప్రమాదంలో నొక్కే బటన్ అన్నీ ఆ బుకింగ్ ఉన్నంతసేపే పనిచేస్తాయి. కాబట్టి ఎవరు ఎంత తియ్యగా అడిగినా, బండిలో కూర్చున్నాక కేన్సిల్ చేయకండి.

ఎక్కేముందు నంబరు ప్లేటు చూడాలని అందరూ చెబుతారు. రంగు కూడా చూడండి. క్యాబ్‌కి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉండాలి. బ్యాటరీ బండైతే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు కారు అంటే అది సొంత బండి. అది వచ్చి "మీ బుకింగే" అంటే ఎక్కకండి. ప్లేటు నంబరు సరిపోయాకే ఓటీపీ చెప్పాలి, ముందే ఫోన్‌లో చెప్పకూడదు. బైక్ ట్యాక్సీ ఎక్కే పిల్లలు వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకోవాలి, చట్టం ఇద్దరికీ ఒకటే. ఏదైనా తేడా అనిపిస్తే 112. ఆ నంబరు ఊరికే గుర్తుంచుకోవడం కాదు, అమ్మలు, అమ్మమ్మలు ఫోన్‌లో మొదటి పేరుగా పెట్టించుకోండి.

వాన పడితే రేటు పెరుగుతుందని ఒక బాబు అంటున్నాడు. పెరుగుతుంది. రద్దీ వేళ మూల ఛార్జీకి రెండింతల దాకా తీసుకోవచ్చని కేంద్రం 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. నేను చేసేది మాత్రం, వాన తగ్గేదాకా ఇరవై నిమిషాలు కొట్టు చూరు కింద ఆగడం, లేదా సిటీ బస్సు ఎక్కడం. బస్సుకి వాన రేటు లేదు.

బస్సులు కూడా లేని రోజులు మనం చూశాం. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి మా సింగ్ నగర్ మునిగింది. ఫ్లైఓవర్ దాకా పడవలో వచ్చి, అక్కడి నుంచి చేతిలో పిల్లల్ని, మందుల సంచిని పట్టుకుని నడిచి వచ్చాం. ఆ రోజు దారి చెప్పినవాళ్లు, చేయి పట్టి దింపినవాళ్లు ఎవరో నాకు పేర్లు కూడా తెలియవు. మా అమ్మ అప్పుడు లేదు. ఉంటే ఆ పడవ ఎలా ఎక్కించేదాన్నో అని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రశ్నలుంటే అడగండి.

ఈ అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరబోతోందట, రాత్రి బస్సు ఎక్కి వెళ్తే ఎక్కడ దిగాలని అడుగుతోంది. మంచి ప్రశ్న. అమ్మా, మన బస్సులు హయత్‌నగర్, వనస్థలిపురం మీదుగా ఎల్బీ నగర్ చేరతాయి. మెట్రో ఎర్ర గీత అక్కడే మొదలవుతుంది, మియాపూర్ దాకా పోతుంది. నువ్వు మాదాపూర్, హైటెక్ సిటీ వైపు వెళ్లాలంటే ఆ గీత మీద అమీర్‌పేటలో దిగి, నీలం గీతకి మారి రాయదుర్గం వైపు ఎక్కాలి. బస్సులో ఊరంతా దాటుకుంటూ వెళ్లడం కంటే సుఖం. కానీ మెట్రో ఉదయం ఆరింటికి గానీ మొదలవదు. మన రాత్రి బస్సులు తెల్లవారుజామున నాలుగింటికే చేర్చేస్తాయి. ఆ రెండు గంటలు ఎల్బీ నగర్ రోడ్డు పక్కన సూట్‌కేసుతో నిలబడకు. రాత్రి ఆలస్యంగా బయల్దేరే బస్సు చూసుకో, ఆరున్నరకి చేరేలా. లేదా మహాత్మా గాంధీ బస్ స్టేషన్ దాకా వెళ్లి లోపల కూర్చో, జనం ఉంటారు, మెట్రో స్టేషన్ కూడా పక్కనే. ఇంకోటి, అక్కడి ఉచిత బస్సు తెలంగాణలో నివాసం ఉన్న ఆడవాళ్లకే. మన ఆధార్ చూపిస్తే చెల్లదు, టికెట్ డబ్బులు దగ్గర పెట్టుకో. దిగగానే ఇంటికి ఫోన్ చేసి "చేరాను" అని మాత్రం అనకు. "ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర ఉన్నాను" అని చెప్పు. మీ అమ్మకి నువ్వు నిలబడ్డ చోటు కళ్ల ముందు కనపడాలి.

పెద్దాయన చెయ్యెత్తారు. చెప్పండి బాబాయిగారూ. సూర్యారావుపేట ఆస్పత్రికి వెళ్లి, పరీక్షలయ్యాక తిరిగి వచ్చేటప్పుడు కళ్లు తిరుగుతాయి, అప్పుడేం చేయాలంటున్నారు. వెళ్లేటప్పుడు బస్సులో వెళ్లండి, వచ్చేటప్పుడు ఆటోలో రండి. డబ్బు మిగల్చాల్సింది వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు కాదు. రక్తం ఇచ్చి, ఏమీ తినకుండా సెంటర్ దాకా నడవకండి. ఆస్పత్రి మెట్ల దగ్గరికే ఆటోని పిలిపించండి, అక్కడి వాచ్‌మన్‌ని అడిగితే పిలుస్తాడు. సంచిలో రెండు అరటిపళ్లు పెట్టుకోండి. మా అమ్మకి నేను అలాగే పెట్టేదాన్ని.

టైమ్ ఎనిమిదిన్నర దాటింది. సింగ్ నగర్, నున్న వైపు వెళ్లేవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఏడుగురు. మనం అందరం కలిసి నడుద్దాం, రోడ్డు దాటి అవతల వైపు నిలబడాలి, ఇటు వైపు ఆగే బస్సు ఊళ్లోకి పోతుంది. బాబాయిగారూ, మీరు నా చెయ్యి పట్టుకోండి, ఈ గుమ్మం దగ్గర మెట్టు కాస్త ఎత్తు.